జాగ్రఫీ అంటే గ్రూప్స్ నోట్సు కాదు

ఇంటర్ ఫలితాలు వచ్చాక తల్లిదండ్రుల నోట తరచూ వినే మాట: "జాగ్రఫీ చదివితే టీచరు ఉద్యోగం తప్ప ఏమొస్తుందండీ?" దాని వెనకే ఇంకోటి: "పోనీ, గ్రూప్స్‌కి పనికొస్తుందంటే చేర్పిస్తాం." మట్టి, వాన, పంట, పటం అంటే ఇష్టపడే పిల్లను ఈ రెండు మాటలూ కలిసి అణిచేస్తాయి. ఈ ధోరణి చూసి చూసి నాకు ఓపిక పోయింది.

అలాంటివాళ్లకు నేను రాండాల్ఫ్ థామన్ పని గురించి చెబుతాను. ఆయన జాగ్రఫర్. ఫిజీ రాజధాని సువాలోని సౌత్ పసిఫిక్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పాఠాలు చెప్పారు. 1970ల్లో టోంగా దీవుల సేద్యం మీద పరిశోధన చేశారు. అక్కడి రైతు కొబ్బరి, సీమపనస చెట్లను పొలంలోనే ఉంచి, వాటి నడుమ పంట వేస్తాడు. విశ్రాంతి తీసుకున్న నేలలో ముందు పెండలం, ఎందుకంటే దానికి సత్తువ ఎక్కువ కావాలి. ఆ తర్వాత చేమ, చిలగడదుంప. నేల అలిసిపోయే వేళకు కర్రపెండలం. ఆపైన కొన్నేళ్లు బీడు. వరుసలు తీర్చిన ఒకే పంటకు అలవాటుపడిన కళ్లకు అదంతా చిందరవందరగా కనిపిస్తుంది. ఏ చెట్టు ఏ మూల ఉంది, దాన్ని ఎందుకు ఉంచారు, దేనికి వాడతారు అని చెట్టు చెట్టునూ రాసుకుంటే తప్ప అందులోని లెక్క అర్థం కాదు. ఆయన రాసుకున్నారు.

1993లో విలియం క్లార్క్ అనే మరో జాగ్రఫర్‌తో కలిసి ఆయన తెచ్చిన పసిఫిక్ అగ్రోఫారెస్ట్రీ (చెట్లతో కలిపి చేసే సేద్యం) పుస్తకాన్ని ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయం అచ్చువేసింది. అడవులు పోతున్నాయని అందరూ గోల పెడుతుంటే, సాగు భూముల్లోంచే చెట్లు మాయమవుతున్నాయి చూడండని థామన్ హెచ్చరించారు. టోంగాలో 1980ల చివర జపాన్‌కు గుమ్మడి ఎగుమతి మొదలైంది. డబ్బు కళ్లపడింది, అందరూ అదే వేశారు. ట్రాక్టరుకు అడ్డొచ్చిన చెట్లు పోయాయి. తర్వాత ఆ మార్కెట్ చిక్కిపోయింది, పోయిన చెట్లు మాత్రం అంత తేలిగ్గా తిరిగి రావు. ఊరంతా కంప్యూటర్ సైన్స్ సీటు వెంట పడుతుంటే నాకు ఆ గుమ్మడి పొలాలే గుర్తొస్తాయి.

ఇదంతా ఎక్కడో దీవుల సంగతి అనుకోకండి. 1903 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ కూలీలను ఫిజీ చెరకు తోటలకు తీసుకెళ్లారు, వాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. కోనసీమలో కొబ్బరి కింద అరటి, కంద, కోకో ఇప్పటికీ పండుతున్నాయి. గోదావరి లంకలు ఏటా కోతకు గురవుతున్నాయి. 2022 జూలై వరదలో మునిగిన లంకల్లో ఏ తోట నిలిచింది, ఏది పోయింది, ఎందుకు? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే జాగ్రఫర్ పని.

ఇక జాగ్రత్తలు. మొదటి ఉచ్చు "డిగ్రీతో పాటే ఐఏఎస్" అనే ప్యాకేజీ. లక్షల్లో ఫీజు కట్టించుకుని జాగ్రఫీని మెయిన్స్ నోట్సుగా కుదిస్తారు. మూడేళ్లు గడిచినా పిల్లవాడు ఒక్క పొలంలో కూడా అడుగుపెట్టడు. పరీక్ష పోతే చేతిలో సివిల్సూ ఉండదు, జాగ్రఫీ కూడా ఉండదు. పద్దెనిమిదేళ్ల పిల్లల నెత్తిన ఈ బరువు మోపడం అన్యాయం.

రెండోది "మూడు నెలల్లో జీఐఎస్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ". దీనికి అప్పు చేసి డబ్బు కట్టేవాళ్లున్నారు. నిజానికి పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ రిమోట్ సెన్సింగ్ మీద ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. ఇవి నేర్చుకున్నాక కూడా పటంలో గీత ఎందుకు అక్కడే పడాలో తెలియాలి. అది తెలియనివాళ్లు రోజంతా తెర మీద గీతలు గీసే పనిలోనే ఉండిపోతారు.

మూడోది, ఇల్లు తాకట్టు పెట్టి విదేశాల్లో "సస్టైనబిలిటీ" మాస్టర్స్. స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకి వెళ్లండి, సంతోషం. సొంత డబ్బుతో కొనే డిగ్రీకి మాత్రం నేను ససేమిరా అంటాను.

అర్హత: డిగ్రీకి సాధారణంగా ఇంటర్ చాలు, కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ ప్రవేశ పరీక్ష, పరిశోధనకు యూజీసీ నెట్.

నన్నడిగితే డిగ్రీలో జాగ్రఫీ, దానికి తోడు బోటనీయో స్టాటిస్టిక్సో. ఆ తర్వాత ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో పీజీ. ర్యాంకు వస్తే జేఎన్‌యూ, ఢిల్లీ విశ్వవిద్యాలయం. నెట్‌లో జేఆర్‌ఎఫ్ సాధిస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, రెండు రాష్ట్రాల రిమోట్ సెన్సింగ్ కేంద్రాల్లో ఈ చదువుతో చేయగల పనులున్నాయి. ద్వీపాల సేద్యమే కావాలంటే అండమాన్‌లో ఐసీఏఆర్ వారి పరిశోధన సంస్థ ఉంది. అక్కడ శాస్త్రవేత్త కావాలంటే వ్యవసాయ శాస్త్రాల దారి పట్టాలి. ఇది ముందే తెలుసుకోండి.

ఇది నిదానమైన దారి. ముప్పై దగ్గర పడేదాకా స్థిరమైన జీతం రాకపోవచ్చు. ఎండలో నడవలేనివారికి, రైతు మాట గంటలకొద్దీ వినే ఓపిక లేనివారికి ఇది పడదు. మీ పిల్ల తీరు తెలుసుకోవాలంటే ఏ కోచింగ్‌కూ అడ్వాన్సు కట్టకముందే ఈ సెలవుల్లో తాతగారి ఊరికి పంపండి. ఆయన పొలంలో ఏ చెట్టు ఎక్కడుందో పటం గీసి, ప్రతిదాన్నీ ఎందుకు కొట్టకుండా ఉంచారో ఆయన్నే అడిగి రాసుకురమ్మనండి. రాసుకొచ్చింది పక్కనపెట్టి, ముందు మళ్లీ వెళ్తానంటుందేమో చూడండి.