పత్రికలోని పెద్ద అంకె

2020వ సంవత్సరము ఆగస్టు నెలలో గోదావరి జిల్లాల ప్రజలు ప్రతిదినము పత్రికలలో రెండు అంకెలను వెదకుచుండిరి. ఒకటి నదిలోని నీటిమట్టము; రెండవది కోవిడు సోకినవారి సంఖ్య.

మొదటిదానిని చదువుట డెల్టావాసులకు తరతరముల విద్య. భద్రాచలమున 43 అడుగులకును, ధవళేశ్వరము ఆనకట్టకడ 11.75 అడుగులకును మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడును. అంకె పెద్దది గదా యని భద్రాచలమున వరద నాలుగింతలు హెచ్చని కోనసీమ రైతు ఎన్నడును భ్రమపడడు. ఏ తావున, ఏ కొలబద్దపై, ఎన్ని గంటలకు చూచిరని యడుగును. ఆ నెల నడుమ ధవళేశ్వరమున మూడవ హెచ్చరిక సయితము వెలువడెను. లంక గ్రామములవారిని మెరకకు చేర్చిరి.

రెండవ అంకె విషయమున ఇట్టి మెలకువ అంతగా కానరాలేదు. రాష్ట్రమున 13 జిల్లాలుండిన కాలమది. వాటిలో తూర్పుగోదావరియే ముందున్నదని శీర్షికలు పలుమారు వెలువడెను. అందు అసత్యము లేదు. ఆ యేడు ముగియునాటికి అచట నమోదైన రోగుల సంఖ్య లక్ష దాటినది. కాని 2011 జనాభా లెక్కలలో ఆ జిల్లా జనము 51 లక్షలకు పైబడి, రాష్ట్రమునకెల్ల మిన్నగా నుండెను. విజయనగరము జిల్లా జనము 23 లక్షలు మాత్రమే. పెద్ద ఊరిలో పెండ్లిళ్లును ఎక్కువే జరుగును! అదియును గాక, నమోదైన సంఖ్య జరిపిన పరీక్షలను బట్టి యుండును. వల వేసిన మేరకే చేపలు పడును.

ఆగస్టులోనే ప్రభుత్వము ప్రజల రక్తమును పరీక్షింపజేసెను. వ్యాధి సోకి, తెలియకయే తగ్గిపోయినవారి నెత్తురులోను దాని జాడ కొంతకాలము నిలుచును. సెప్టెంబరులో ఫలితములు ప్రకటించిరి. తూర్పుగోదావరిలో నూటికి సుమారు 14 మందికిని, విజయనగరమున నూటికి సుమారు 30 మందికిని ఆ జాడ కనబడెను. నమోదైన రోగుల పట్టికలో అడుగు వరుసలనున్న జిల్లా ఇందు పైకి వచ్చినది.

ఇచటను తొందరపాటు తగదు. తూర్పుగోదావరిలో రక్తమును మొదటి విడతలో తీసిరి. విజయనగరమున రెండవ విడతలో. ఆ నడిమి దినములలో వ్యాధి వ్యాపించుచునే యుండెను. రెండు కొలతలును ఒకేనాటివి కావు.

పెద్ద అక్షరముల శీర్షికకు మరియొక ఫలితము గలదు. తన యింటిని నలుగురు వేలెత్తి చూపుదురను వెరపుతో జ్వరమును దాచుకొన్నవారు ఆ దినములలో ఎందరో యుండిరి. జ్వరమును దాచినచో చికిత్స ఆలస్యమగును, ప్రాణమునకే ముప్పు వాటిల్లును. అంకెయు తగ్గును. ఆ తగ్గుదల మరునాడు శుభవార్తగా అచ్చగును.

2022 ఏప్రిల్ 4న జిల్లాలను విభజించిరి. కాకినాడ, కోనసీమ వేరైనవి. కొవ్వూరు, నిడదవోలు ప్రాంతములు వచ్చి తూర్పుగోదావరిలో చేరినవి. పేరు మాత్రము అదియే. పాత పత్రికను విప్పి, నాటి లక్షను విభజన తరువాతి జిల్లా జనముతో భాగించువాని లెక్క మొదటనే తప్పును.