సోఫా మీద మచ్చ చెప్పే శాస్త్రం

చోడవరంలో మాడుగుల బస్సు ఎక్కితే దారిలో వడ్డాది తగులుతుంది. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. చుట్టూ చెరకు తోటలు, పక్కనే పెద్దేరు. శ్రావణ భాద్రపదాల్లో ఈ ప్రాంతపు గాలిలో తేమ బాగా ఎక్కువ. జాడీలో ఉప్పు నీరు కారుతుంది. అగ్గిపుల్ల గీస్తే అంటుకోదు. బీరువాలో పెట్టిన తోలు బెల్టు మీద తెల్లగా బూజు కడుతుంది.

ఇలాంటి ఊళ్ళో ఒక ఇంటికి, ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బుతో, కొత్త సోఫా వచ్చిందనుకోండి. పండుగనాడు చుట్టాలొచ్చారు. పులిహోర పళ్ళెం సోఫా మీద ఒలికింది. ఎవరో పరుగున వెళ్ళి బట్టల సబ్బు తెచ్చి రుద్దారు. అంతే! పచ్చని మచ్చ చూస్తుండగానే ఎర్రబడింది. "గుడ్డ రంగు పోయింది" అన్నారొకరు. "గుడ్డే కాలిపోయింది" అన్నారు మరొకరు.

మీరైతే ఏమంటారు? ఒక్క క్షణం ఆలోచించండి. జవాబు మీ రసాయన శాస్త్రం పుస్తకంలోనే ఉంది. అది తెలియాలంటే ముందు సోఫా అంటే ఏమిటో తెలియాలి.

ఉతకలేని వస్తువు

సోఫా లోపల కొయ్య చట్రం ఉంటుంది. దానిమీద స్ప్రింగులో, పట్టీలో ఉంటాయి. వాటిమీద మెత్తని ఫోము, దానిమీద పైగుడ్డ. చొక్కా మాసిపోతే నీళ్ళలో జాడించి, బండమీద బాది, ఎండలో ఆరేస్తాం. సోఫాను అలా చేయలేం గదా! పోసిన నీళ్ళు ఫోములోకి దిగుతాయి. వానాకాలంలో ఫోము ఆరడానికి రోజులు పడుతుంది. ఈలోగా లోపల బూజు పడుతుంది, ముక్కవాసన వేస్తుంది. కాబట్టి సోఫా శుభ్రతలో మొదటి సూత్రం ఇది: వీలైనంత తక్కువ నీటితో పని జరగాలి.

పైగుడ్డ నాలుగు రకాలుగా ఉండవచ్చు. నూలు, పాలియెస్టరు, తోలు, తోలులా కనిపించే రెగ్జిను. నూలు అంటే సెల్యులోజు. అది నీటిని ఇష్టపడుతుంది. పొడిగా కనిపించే నూలుగుడ్డ కూడా గాలిలోని తేమను పీల్చి తన బరువులో ఎనిమిది శాతం దాకా దాచుకుంటుంది. పాలియెస్టరు అర శాతం కూడా పీల్చదు. అది నీటిని దూరం పెడుతుంది గాని నూనెను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. తల ఆనించే చోట పాలియెస్టరు సోఫా నల్లగా, జిడ్డుగా కావడానికి కారణం మన తలనూనే.

సోఫా అడుగున ఒక చిన్న చీటీ కుట్టి ఉందేమో చూడండి. దానిమీద 'డబ్ల్యూ' అనే అక్షరం ఉంటే నీటితో శుభ్రం చేయవచ్చు. 'ఎస్' ఉంటే నీరు పనికిరాదు, ద్రావణులే వాడాలి. రెండక్షరాలూ ఉంటే ఏదైనా ఫరవాలేదు. 'ఎక్స్' ఉంటే దుమ్ము దులపడం తప్ప మరేమీ చేయకూడదు.

కనిపించని రంపం

సోఫాకు మచ్చ కంటె పెద్ద శత్రువు దుమ్ము. వీధి దుమ్ములో సన్నని ఇసుక రేణువులుంటాయి. ఇసుక అంటే క్వార్ట్‌జు. మోస్ కాఠిన్య మానంలో దాని విలువ 7. ఇనుప మేకు కూడా అంత గట్టిది కాదు. ఇక నూలు పోగు ఎంత? మనం కూర్చుని లేచినప్పుడల్లా పోగుల మధ్య ఇరుక్కున్న ఈ రేణువులు వాటిని రంపంలా కోస్తాయి. సోఫా నడిమిభాగమే ముందు చిరగడానికి కారణం ఇదే.

దుమ్ములో మరొక రహస్యం ఉంది. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టును తిని బతికే దుమ్ము పురుగులు అందులో ఉంటాయి. ఒక్కొక్కటి మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అవి కుట్టవు. కాని వాటి రెట్ట గాలిలో లేచి ముక్కులోకి పోతే కొందరికి తుమ్ములు, ఉబ్బసం వస్తాయి. వీటికి తేమ అంటే ప్రాణం. అందుకే వారానికొకసారి మెత్తని బ్రష్షుతోగాని, దుమ్ము పీల్చే యంత్రంతోగాని మూలమూలలూ శుభ్రం చేయాలి. కర్రతో బాదితే దుమ్ము లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ సమయంలో గదిలో ఉండకపోవడం మంచిది.

నీటికి తోడు ఎందుకు?

ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, మిరియాల పొడి చల్లండి. పొడి పైన తేలుతుంది. నాలుగు కుంకుడుకాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, గ్లాసెడు గోరువెచ్చని నీళ్ళలో అరగంట నానబెట్టండి. ఆ రసం ఒక్క చుక్క పళ్ళెం మధ్యలో వేయండి. మిరియాల పొడి తరిమినట్టు అంచులకు పరుగెత్తుతుంది!

నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా లాక్కుంటాయి. అందువల్ల నీటిపైన బిగించిన తోలులా ఒక పొర ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. దీన్నే తలతన్యత అంటారు. కుంకుడు రసంలోని సపోనిన్, సబ్బు, డిటర్జెంటు ఈ బిగువును తగ్గిస్తాయి. అప్పుడు నీరు పోగుల మధ్యకు సులువుగా దూరుతుంది. సబ్బు అణువుకు నీటిని ప్రేమించే తల, నూనెను ప్రేమించే తోక ఉంటాయి. తోకలన్నీ జిడ్డు బొట్టులో దిగబడతాయి, తలలన్నీ బయటకు నీటివైపు ఉంటాయి. ఇలా చుట్టుముట్టబడిన జిడ్డు గుడ్డను వదిలి నీటిలోకి వచ్చేస్తుంది.

కాబట్టి సోఫాకు నీళ్ళు కాదు, నురుగు కావాలి. నురుగంటే చాలా గాలి, కొంచెం నీరు. నురుగును స్పాంజితో తీసి గుడ్డమీద రాసి, తడిగుడ్డతో అద్ది, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. ముందుగా వెనకవైపు కనిపించని చోట ప్రయత్నించి చూడటం మరవకండి. కుంకుడు రసం లేతరంగు గుడ్డమీద తానే మచ్చ వేయవచ్చు.

మచ్చకొక మందు

ఇప్పుడు పసుపు సంగతి. పసుపులోని కుర్కుమిన్ ఒక సూచిక. ఆమ్లంలో పసుపుగా ఉంటుంది, క్షారంలో ఎర్రబడుతుంది. బట్టల సబ్బు క్షారం. అందుకే మచ్చ ఎర్రబడింది. గుడ్డ కాలలేదు, రంగూ పోలేదు! మంచినీటితో అద్ది, రెండు చుక్కల నిమ్మరసం కలిపిన నీటితో తడిపితే మళ్ళీ పసుపు రంగుకే వస్తుంది. కుంకుడు రసానికి కొద్దిగా ఆమ్ల గుణం ఉంది, కనుక దానితో ఎర్రబడదు. పసుపు పూసిన రెండు కాగితపు ముక్కలమీద ఒకదానిపై సబ్బు నీరు, ఒకదానిపై కుంకుడు రసం వేసి మీరే చూడండి. మిగిలిన పసుపు మరకను వదిలించేది వెలుతురు. ఎండ కుర్కుమిన్‌ను విడగొడుతుంది. కవరు ఊడదీయగలిగితే ఎండలో వేయండి.

బెల్లం పాకం, చెరకు రసం నీటిలో కరిగేవి. తడిగుడ్డ చాలు. కాని ఆలస్యం చేస్తే చీమలకు విందు.

ఆవకాయ నూనె ఒలికితే నీళ్ళు ముట్టుకోవద్దు. ముందు ముఖానికి వేసుకునే పౌడరు మందంగా చల్లి గంటసేపు వదలండి. దీపపు వత్తి నూనెను లాగినట్టే పౌడరు రేణువుల మధ్య సందులు నూనెను పీల్చుకుంటాయి. తరువాత దులిపి, నురుగు వాడాలి.

పాలు, రక్తం అంటితే చన్నీళ్ళే వాడాలి. వేడినీళ్ళు పోస్తే ఉడికించిన గుడ్డులా ప్రోటీన్ గడ్డకట్టి పోగులకు అతుక్కుంటుంది.

ఏ మచ్చనైనా రుద్దకూడదు, అద్దాలి. అంచునుంచి మధ్యకు రావాలి. మధ్యలో నీరు పోస్తే ఏమవుతుంది? సుద్దముక్క మీద సిరాచుక్క పెట్టి, అడుగు నీటిలో ఉంచి చూడండి. నీరు సిరాను మోసుకుంటూ పైకి పోతుంది. సోఫాలోనూ అంతే. నీరు మురికిని మోసుకుపోయి, తాను ఆవిరయ్యే చోట దించేస్తుంది. మచ్చ పోయినా దాని చుట్టూ గోధుమరంగు గీత మిగలడానికి కారణం ఇదే.

తోలు కథ

పచ్చి అరటికాయ కొరికితే నాలుక ముడుచుకుపోయినట్టుంటుంది. ఆ వగరు టానిన్‌ది. అది మన లాలాజలంలోని ప్రోటీన్లను పట్టి బిగించింది. పచ్చి చర్మం తోలుగా మారేది కూడా సరిగ్గా ఇలాగే! చర్మంలో కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులుంటాయి. పచ్చిచర్మం తడిస్తే కుళ్ళుతుంది, ఎండితే చెక్కలా బిగుస్తుంది. టానిన్ ఆ పోగుల మధ్య వంతెనలు కడుతుంది. ఇక సూక్ష్మజీవులు దాన్ని సులువుగా తినలేవు. మన ప్రాంతంలో తంగేడు బెరడు, కరక్కాయ ఇందుకు తరతరాలుగా వాడారు. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో ఎక్కువ భాగం క్రోమియం లవణాలతో ఊనినదే.

తోలు శాస్త్రం అంటే తెలుగువారికి గుర్తుకు రావలసిన పేరు యలవర్తి నాయుడమ్మ. ఆయన 1922లో తెనాలి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958లో సంచాలకులయ్యారు. 1985లో కనిష్క విమాన దుర్ఘటనలో మరణించారు. హీనంగా చూడబడిన తోలు పనిని శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యులు.

తయారైన తోలుకు కొద్దిగా ఆమ్ల గుణం ఉంటుంది. క్షారగుణం ఉన్న సబ్బు దాని పోగుల బంధాలను సడలిస్తుంది. పోగుల మధ్య జారుడుకోసం కర్మాగారంలో నూనెలు పట్టిస్తారు. ఎండ తగిలినా, వేడి తగిలినా ఆ నూనెలు పోయి తోలు పగులుతుంది. కాబట్టి తోలు సోఫాను కిటికీ ఎండకు దూరంగా ఉంచి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడుతుంది నిజమే. కాని అది దుమ్మును పడుతుంది, ముక్కిపోతుంది, బూజుకు మేతవుతుంది. తోలుకోసం తయారుచేసిన క్రీము ఏడాదికి రెండుసార్లు పలుచగా రాస్తే చాలు.

తడిసిన ఇనుప వస్తువును తోలుమీద పెట్టకండి. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లసిరా తయారవుతుంది. టానిన్‌తో ఊనిన తోలుమీద తుప్పునీరు పడినా అదే సిరా పుడుతుంది. ఆ మచ్చ పోదు.

బూజుకు మూడు కావాలి

బూజు శిలీంధ్రం. అది పెరగడానికి విత్తు, మేత, తేమ కావాలి. విత్తులు, అంటే సిద్ధబీజాలు, గాలినిండా ఉన్నాయి. మేత తోలులోనూ, మన చెమట, జిడ్డులోనూ ఉంది. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. సాపేక్ష ఆర్ద్రత 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజుకు పండుగే. గాలి చల్లబడితే, అందులో నీరు అంతే ఉన్నా, సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. చల్లని గోడకు ఆనించిన సోఫా వీపుకు ముందుగా బూజు పట్టడం ఇందువల్లనే. గోడకు జానెడు ఎడంగా జరపండి. వాన తెరిపి ఇచ్చినప్పుడు కిటికీలు తీయండి, ఫ్యాను వేయండి.

పట్టిన బూజును గదిలో దులపకూడదు. సోఫాను వసారాలోకి తెచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడిగుడ్డతో తుడిచి, నీడలో గాలికి ఆరనివ్వాలి.

ఇక రెగ్జిను. దానికి తోలు క్రీము వృథా, ఎందుకంటే పైపొర ప్లాస్టిక్కు. పాలియురేథేన్ పూత అయితే గాలిలోని తేమే దాని బంధాలను కొద్దికొద్దిగా తెంచుతుంది. కోస్తా ఊళ్ళలో కొన్నేళ్ళకే అలాంటి సోఫాలు పొరలుగా ఊడడానికి మన తప్పు కొంతే, తేమ తప్పు చాలా. కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఇవి మాత్రం చేయవద్దు

మచ్చ పోతుందని పెట్రోలు, కిరోసిను వాడవద్దు. ఆవిరి గదిలో నిండి చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఫోము మండితే వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. మంటకంటె ముందు ఆ పొగే ప్రాణం తీస్తుంది. బ్లీచింగు ద్రావణంలో ఆమ్లం కలిపితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. రెండు మందులు కలిపితే రెట్టింపు పని చేస్తాయనుకోవడం పొరపాటు.

సోఫాను పదేళ్ళకు బదులు ఇరవయ్యేళ్ళు వాడితే ఇంటికి డబ్బు మిగులుతుంది. ఏటికీ మేలే. తమిళనాడులో తోళ్ళ కర్మాగారాల మురుగు పాలారును పాడుచేసిందని, నష్టపరిహారం కట్టాలని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. వస్తువును జాగ్రత్తగా వాడుకోవడం కూడా శాస్త్రమే.

ఇకమీద ఎవరైనా మచ్చ చూసి సబ్బుకోసం పరుగెత్తితే ఆపండి. "అదేం మచ్చ? ఇదేం గుడ్డ?" అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం పని అయినట్టే.

ఆలోచించి చెప్పండి

1. పట్టుచీరను కుంకుడు రసంతో ఉతకడం ఎందుకు మంచిది? (పట్టు కూడా ప్రోటీనే.)

2. చిక్కని టీలో తుప్పుపట్టిన మేకు ఒక రాత్రి ఉంచండి. రంగు ఎందుకు మారింది?

3. మీ ఇంట్లో బూజు ముందుగా ఏ మూల పడుతుంది? అక్కడే ఎందుకు?