అలక తీరాలి, అన్నం తిరిగి రావాలి

బతుకమ్మ తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ. ఆ రోజు అమ్మకు నైవేద్యం పెట్టరు. ఏడో రోజు బియ్యప్పిండిని వేపకాయల్లా చేసి, నూనెలో వేయించి పెడతారు. ఎనిమిదో రోజు వెన్నముద్దలు, తొమ్మిదో రోజు సద్దులు. అలకకు గడువు ఒక్క రోజే.

మన ఇళ్లలోనూ కోపాన్ని అన్నం మీద చూపించడం మామూలే. అలిగి పడుకున్న బిడ్డను అమ్మ లేపి తినిపిస్తుంది, కథ అక్కడితో ముగుస్తుంది. కొందరికి మాత్రం ఆ అలక తీరదు. కోపం వచ్చినా, రంది పుట్టినా, సిగ్గేసినా అది కంచం మీదికే వెళ్తుంది. ఒకరు తిండి తగ్గించుకుంటూ పోతారు, అది అనొరెక్సియా. ఇంకొకరు ఆపుకోలేక తిని, తిన్నది బలవంతంగా కక్కేస్తారు, అది బులీమియా. మరొకరు చాటుగా అతిగా తిని, ఆ తర్వాత తమను తామే తిట్టుకుంటారు, అది బింజ్ ఈటింగ్. అమ్మాయిల్లో ఎక్కువగా కనిపించినా అబ్బాయిలకూ వస్తాయి. ఇవి పొగరు కాదు, ఫ్యాషన్ కాదు. వైద్యంతో నయమయ్యే జబ్బులు.

ముందు అన్నం, తర్వాతే మనసు

"మనసు కుదుటపడితే తింటా" అని చాలామంది అంటారు. నిజానికి జరిగేది తలకిందులుగా ఉంటుంది. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు దాదాపు సగం తిండే పెట్టి పరిశీలించాడు. వాళ్లలో చిరాకు, దిగులు పెరిగాయి. పగలూ రాత్రీ తిండి గురించిన ఆలోచనే. ప్రయోగం ముగిశాక కొందరు ఎంత తిన్నా తృప్తి లేక బాధపడ్డారు. వాళ్లకు అంతకుముందు మనసు జబ్బేమీ లేదు. ఖాళీ కడుపే వాళ్ల మనసును కల్లోలం చేసింది.

అందుకే ఆక్స్‌ఫర్డ్ మానసిక వైద్యుడు క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన చికిత్స వేళకు తినడంతో మొదలవుతుంది. మూడు పూటల భోజనం, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం. చెల్పూర్‌లో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, అక్కడ షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. షిఫ్టుకు వెళ్లేవాడు "ఇవాళ మనసు బాగాలేదు" అని గేటు దగ్గర ఆగిపోడు, టైముకు లోపలికి వెళ్తాడు. కోలుకునేటప్పుడు భోజనమూ అంతే. ఆకలి ఉన్నా లేకున్నా, నిన్న అతిగా తిన్నా సరే, వేళ అయితే కంచం ముందు కూర్చోవాలి. నిన్నటి తిండికి ఇవాళ ఉపవాసంతో శిక్ష వేసుకుంటే రేపు మళ్లీ అదుపు తప్పుతుంది. అయితే బాగా చిక్కిపోయినవాళ్లు ఒక్కసారిగా తిండి పెంచకూడదు, అది ప్రమాదం. వాళ్లకు డాక్టర్ పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి.

ఉద్వేగానికి వేరే దారి

పస్తుంటే కాసేపు బాధ మొద్దుబారుతుంది. అతిగా తింటే కాసేపు గుబులు తగ్గుతుంది. ఆ కాసేపటి ఊరటే ఈ జబ్బుకు పట్టు. ఊరట తప్పు కాదు, దాని కోసం ఎంచుకున్న దారే ప్రాణం తీస్తుంది.

తిండి మీద అదుపు తప్పుతోందని అనిపించిన క్షణంలో ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు నాకు కలిగింది ఏమిటి? పరీక్ష భయమా, ఎవరో అన్న మాటా, ఒంటరితనమా? పేరు పెట్టి నోటితో చెప్పండి, లేదా కాగితం మీద రాయండి. తర్వాత పావుగంట గడపండి. చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోండి, వాకిట్లోకి వెళ్లండి, నమ్మిన మనిషికి ఫోన్ చేయండి. ఎంత పెద్ద ఉద్వేగమైనా అదే తీవ్రతతో ఎక్కువసేపు నిలవదు. దాటిపోయిందని ఒక్కసారి స్వయంగా చూసినవారికి రెండోసారి ధైర్యం వస్తుంది.

తూకం మనిషి కాదు

"గింత దొడ్డుగైనవేంది బిడ్డా?" "బక్కగైనవ్, తింటలేవా?" పండక్కి ఇంటికొచ్చిన పిల్లకు మొదట వినిపించే మాటలివి. అనేవాళ్లలో ప్రేమే ఉండొచ్చు. వినే పిల్ల మాత్రం తన విలువంతా ఒంట్లోనే ఉందని నేర్చుకుంటుంది. దానికి తెర తోడైతే ఏమవుతుందో ఫిజీ దీవుల్లో తేలింది. నిండైన ఒళ్లు అందమని నమ్మే ఆ సమాజంలోని నడ్రోగా ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం అప్పుడు అడిగితే, బరువు తగ్గడానికి కక్కుతున్నానన్న అమ్మాయి ఒక్కరూ లేరు. 1998లో అడిగితే అలా చెప్పినవారు 11.3 శాతం.

మేడారం జాతరలో మొక్కున్నవాళ్లు తక్కెడలో కూర్చుని నిలువెత్తు బెల్లం సమ్మక్క సారలమ్మలకు సమర్పిస్తారు. అక్కడ బరువు మొక్కుకు కొలత. మనిషికి కొలత కాదు. ఆ మాట రోజువారీ బతుకులోకి తెచ్చుకోవాలి. మీ విలువ దేని దేని మీద నిలబడిందో ఒక కాగితం మీద రాయండి: చదువు, స్నేహం, చేతి పని, పాట, ఇంట్లోవాళ్లకు మీరిచ్చే ధైర్యం. బరువు ఒక్కటే ఆ జాబితాను మింగేసి ఉంటే, మిగతావాటికి వారంలో సమయం కేటాయించండి. మాటిమాటికీ బరువు చూసుకోవడం, అద్దంలో ఒకే చోటు పరీక్షించుకోవడం తగ్గించండి.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. ఒంటి గురించి వ్యాఖ్య వద్దు, పొగడ్త కూడా వద్దు. "బలిసినవ్" అన్న మాట ఎంత పనిచేస్తుందో "సన్నబడ్డవ్, మంచిగున్నవ్" అన్న మాటా అంతే పనిచేస్తుంది. దానికి బదులు "ఎట్లున్నవ్ బిడ్డా, మనసుల ఏముంది?" అని అడగండి. పక్కన కూర్చుని కలిసి తినండి. తిట్టి తినిపించకండి.

కళ్లు తిరిగి పడిపోవడం, నెలసరి ఆగడం, గుండె దడ, పదేపదే కక్కడం ఉంటే ఆలస్యం చేయకండి. వాంతులతో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

కోలుకునే దారిలో కొన్ని రోజులు వెనక్కి జారతారు. దాన్ని ఓటమిగా లెక్కవేయకండి. జారిన రోజు చేయాల్సింది ఒక్కటే: తర్వాతి పూట భోజనం మానకపోవడం. మీకు అన్నం తినే హక్కు బరువు తగ్గాక వచ్చేది కాదు, మంచిగా నడుచుకున్నందుకు దక్కే బహుమతీ కాదు. ఇవాళ, ఉన్న ఈ ఒంటితోనే, అది మీది.