తుప్పు పట్టిన అడ్డుగోడ - ఒక పరిశీలన

ఇనుమునకు పట్టు తుప్పును ఉర్దూలో జంగ్ అందురు. ఏ పేరుతో పిలిచినను దాని నడవడి ఒక్కటే. అది మన కంట పడునాటికే లోలోపల చాల దూరము పోయి ఉండును.

భాషాబోధకులమైన మేము మోటారు బండ్ల విషయమున కలము పట్టుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును. కారణము చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము మరి నలుగురితో కలసి ఒక పాత అద్దె జీపులో ప్రయాణము చేయుచుంటిమి. దారిలో ఒక గేదె అడ్డు వచ్చినది. డ్రైవరు గట్టిగా బ్రేకు నొక్కగానే అతని మడమ క్రింది రేకు పెళుక్కున విరిగి, కాలు సగము క్రిందికి దిగిపోయినది. బండి ఎట్లో ఆగినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. తరువాత షెడ్డులో ఉస్తాదు రబ్బరు చాప ఎత్తి చూపెను. పైన నిగనిగలాడు రంగు. రంగు క్రింద పుట్టీ. పుట్టీ క్రింద ఏమియు లేదు. “ఇక్కడ ఇనుము ఎప్పుడో పోయింది సాబ్, ఇన్నాళ్లూ రంగే మోసింది” అని ఆయన నవ్వెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఆనాటి నుండి ఈ విషయమును గురించి తెలిసినవారిని అడిగి, చదివి, కొంత నేర్చుకొంటిమి.

ఈ పాఠమునకు అన్నిటికంటె చక్కని ఉదాహరణము బ్రిటన్ దేశపు ల్యాండ్ రోవర్. రోవర్ కంపెనీ ముఖ్య ఇంజనీరు మారిస్ విల్క్స్, వేల్సులోని ఆంగ్లసీ దీవియందలి తన పొలములో యుద్ధకాలపు విల్లీస్ జీపు నొకదానిని వాడుచుండెను. అటువంటి బండినే తాము తయారు చేయవలెనను తలంపు అచ్చట పుట్టినది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో ల్యాండ్ రోవర్ తొలిసారి లోకమునకు కనబడినది. మన దేశమున 1947 నుండి మహీంద్రా వారు కూర్చిన జీపులును ఆ విల్లీస్ వంశములోనివే. కావున మన ఊరి జీపునకును ఆ బండికిని చుట్టరికము కలదు.

యుద్ధానంతరము బ్రిటన్‌లో ఉక్కునకు కరవు. అందుచేత ఆ బండి పైరేకులను ఎక్కువగా అల్యూమినియం మిశ్రలోహముతో చేసిరి. బరువు మోయు చాసిస్‌ను, ఇంజనుకును మనుష్యులు కూర్చుండు చోటికిని నడుమనుండు అడ్డుగోడను మాత్రము ఉక్కుతోనే చేసిరి. ఈ అడ్డుగోడకే ఆంగ్లమున బల్క్‌హెడ్ అని పేరు. ఓడలో ఒక అరకును మరియొక అరకును మధ్యనుండు గోడకును ఇదే పేరు.

పేరు గోడయే గాని దాని పని గోడ పని మాత్రమే కాదు. ఇంజను వేడిని, పొగను లోనికి రానీయక ఆపునది అది. స్టీరింగు కంబమునకు ఆధారము అది. బ్రేకు, క్లచ్చి పెడళ్లు వ్రేలాడునది దానికే. ముందు అద్దపు చట్రము దాని తలపై నిలుచును; తలుపుల బందులు దాని ప్రక్క స్తంభములకు బిగియును. డ్రైవరు పాదములు ఆను రేకులును దానిలోని భాగములే. ఇట్టి గోడ మెత్తబడిన బండి, ఎంత ఘనమైన ఇంజను ఉన్నను, నమ్మదగినది కాదు.

అది ఏల తుప్పు పట్టును? ఇనుము, నీరు, ప్రాణవాయువు - ఈ మూడును కూడినచోట తుప్పు పుట్టునని రసాయనశాస్త్ర విద్యార్థులెరుగుదురు. అల్యూమినియం మీద ఏర్పడు ఆక్సైడు పలుచని పొరయై లోహమును అంటిపెట్టుకొని కాపాడును. ఇనుప తుప్పు అట్లు గాక ఉబ్బి, పెళ్లలుగా ఊడి, క్రొత్త లోహమును మరల నీటికి అప్పగించును. ల్యాండ్ రోవర్ ముందు చక్రములు ఎగజిమ్ము బురద పాదముల రేకుల వెనుక పేరుకొనును. వాన నీరు లోని చాపల క్రింద నిలుచును. ప్రక్క స్తంభములు బోలుగా ఉండుటచే వానిలో దిగిన తేమ సులభముగా బయటికి రాదు. పైగా బ్రిటన్‌లో చలికాలమున మంచు కరగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును. అందుచే తుప్పు వేగము హెచ్చును. మన కోస్తా ఊళ్లలో సముద్రపు గాలి చేయు పనియు ఇదియే.

ఇచ్చట మరియొక వింత కలదు. ఉక్కు, అల్యూమినియం తడిలో ఒకదానినొకటి తాకినచోట క్షీణించునది అల్యూమినియం. అది తెల్లని పొడియై రాలును. కావున రెండు లోహముల నడుమ రంగు గాని, రబ్బరు గాని, మరియొక పొర గాని ఉంచవలెను.

ఇక ముఖ్యమైన ప్రశ్న: అతుకు వేయుటయా, గోడనంతయు మార్చుటయా? దీనికి సమాధానము కన్ను చెప్పజాలదు, సుత్తి చెప్పును. మంచి లోహమును తట్టిన ఖంగున మ్రోగును. చెడినది మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరు మొనతో పొడిచి చూడవలెను. పాదముల రేకులు మాత్రమే చెడినచో వానిని మంచి లోహము దొరకువరకు కోసి, క్రొత్త రేకు వెల్డింగు చేయవచ్చును. స్తంభముల అడుగులు, అద్దము క్రింది మూలలు, పెడళ్లు బిగించు చోట్లు కూడ పోయినచో అతుకులపై అతుకులు వేయుటకంటె గోడను మార్చుటయే మేలు. చెడిన లోహమునకు మంచి లోహమును అతికించిన అతుకు నిలువదు.

గ్రేట్ బ్రిటన్‌లో కార్లకు మూడేండ్లు నిండిన పిదప ఏటేటా ఎం.ఓ.టి. అను పరీక్ష ఉండును. స్టీరింగు, బ్రేకులు, సీటు బెల్టుల వంటివి బిగించు చోటికి 30 సెంటీమీటర్ల లోపల లోహము తుప్పుచే బలహీనపడినచో ఆ బండి తప్పినట్లే. అయితే 2018 మే 20 నుండి, 40 ఏండ్లు దాటి పెద్ద మార్పులు లేని బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి కాదు. 1948 నుండి 1985 వరకు వచ్చిన సిరీస్ ల్యాండ్ రోవర్లలో దాదాపు అన్నియు నేడు ఆ వయస్సు దాటినవే. అనగా ఎక్కువగా చూడవలసిన బండ్లనే చట్టము చూచుట మానినది. ఇక చూడవలసినవాడు యజమాని ఒక్కడే.

మార్చు విధానము ఇది. మొదట బ్యాటరీ తీగలు విప్పవలెను. ఆ బండ్లలో పెట్రోలు టాంకు సీటు క్రింద ఉండును. వెల్డింగునకు ముందు దానిని తీసి దూరముగా ఉంచవలెను. ఖాళీ టాంకు గదా అని అలక్ష్యము చేయరాదు. అందు మిగిలిన ఆవిరి గాలితో కలసి ఒక్క నిప్పురవ్వకే ప్రేలును. ప్రతి తీగకును చీటీ కట్టి, ఫొటోలు తీసికొనవలెను. తలుపుల ఖాళీల కొలతలను పాత గోడ ఉండగానే వ్రాసికొనవలెను. తీసిన పిదప కొలుచుటకు ఏమియు మిగులదు. అటుపై బానెట్టు, మడ్‌గార్డులు, రేడియేటరు, ముందు అద్దము, తలుపులు, క్రింది రేకులు, స్టీరింగు, పెడళ్లు వరుసగా విప్పవలెను. ఏండ్ల తరబడి బిగిసిన బోల్టులకు ముందురోజే నూనె పట్టించి ఉంచినచో కొన్నియైనను విరుగక వచ్చును.

క్రొత్త గోడను నిలిపినంతనే బోల్టులను బిగింపరాదు. వదులుగా ఉంచి, తలుపులు తగిలించి, మూసి తెరచి, వెనుక భాగముతో సందులు సరిపోవువరకు జరుపుకొని, ఆ పిమ్మట బిగింపవలెను. ఇచ్చట తొందరపడినవాని బండిలో తలుపు మూయబడదు. వాన లోనికి వచ్చును. చివరకు బ్రేకు గొట్టములలోని గాలిని పూర్తిగా తీసి, ఖాళీ మైదానమున మెల్లగా నడిపి చూచిన పిదపనే రోడ్డెక్కవలెను.

చాలమంది క్రొత్త గోడకు జింకు పూత వేయింతురు. దానిని సుమారు 450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కరగిన జింకులో ముంచుదురు. పూతపై గీత పడినను జింకు తాను ముందుగా క్షీణించి ఇనుమును కాచును. అయితే బోలు భాగములకు రంధ్రములు ఉండవలెను. లేనిచో లోన చిక్కిన తేమ ఆవిరియై ప్రేలును. వెల్డింగు పనియంతయు పూతకు ముందే ముగింపవలెను. జింకు పూతపై వెల్డింగు చేసిన, వచ్చు పొగ పీల్చినవానికి జ్వరము వచ్చును.

ఈ పని చేయు ఉస్తాదులు మన పట్టణములందును కలరు. మన రసాయనశాస్త్ర పుస్తకములో నాలుగు పంక్తులుగా నున్న పాఠమును వారు చేతులతో చదివినారు. విద్యార్థులు ఒక్క సాయంకాలము వారి షెడ్డుకు పోయి చూచిన ఆ పాఠము మరువరు.

కళాశాల పాలకవర్గము వారికి ఒక మనవి. మన విద్యార్థులలో పలువురు ప్రతిదినము అద్దె బండ్లలో పల్లెల నుండి వచ్చుచున్నారు. విహారయాత్రలకును అట్టి బండ్లనే కుదుర్చుచున్నాము. ఇక మీదట బండి కుదుర్చుకొనునపుడు దాని రంగును మాత్రమే చూడక, ఒక ఉస్తాదును వెంటబెట్టుకొని, చాప ఎత్తి, సుత్తితో తట్టి చూడవలెను. దానికి పట్టునది పావుగంట. రంగు మోయుచున్న బండిలో మా పిల్లలను ఎక్కింపవద్దు.