సమయం లెక్కగట్టే సాఫ్ట్‌వేర్: ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది

ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని కోడింగో, డిజైనింగో నేర్చుకుంటున్న ధూళిమిట్ట యువతకు ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఉద్యోగం. జిల్లా కేంద్రం సిద్దిపేటలోనే 2023 జూన్‌లో ఐటీ టవర్ ప్రారంభమైంది. రెండోది ఇంటి నుంచే చేసే ఫ్రీలాన్స్ పని. ఏ దారిలో వెళ్లినా మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ‘ఈ పని ఎప్పటికి అవుతుంది?’ దీనికి ఊహతో జవాబిస్తే చిక్కుల్లో పడతాం. కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామని అంచనా వేశారు. పట్టింది 55 రోజులకు పైనే. అనుకున్న గడువులోగా పూర్తిచేసినవారు మూడో వంతు కూడా లేరు. అందుకే టైమ్ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. అయితే దాన్ని ఎంచుకునేటప్పుడు ఫీచర్ల కంటే ముందు, ఆ లెక్క ఎవరు చూడాలన్నది తేల్చుకోవాలి.

నేర్చుకునే దశలో చూడాల్సింది మీరే. కాబట్టి రికార్డు మీ కంప్యూటర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్ మేలు. యాక్టివిటీవాచ్ అలాంటిదే. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ పనిచేస్తుంది. నెట్ లేకపోయినా ఏ విండోలో ఎంతసేపున్నారో నమోదు చేస్తుంది. కీబోర్డు, మౌస్ కాసేపు కదలకపోతే మీరు సీట్లో లేరని రాసుకుంటుంది. పక్కన పుస్తకం చదివిన సమయం కూడా అలాగే పోతుంది కనుక దాన్ని మీరే కలుపుకోవాలి. టాగుల్ ట్రాక్, క్లాకిఫై ప్రధానంగా బటన్ నొక్కి మొదలుపెట్టేవి. పనుల వారీగా లెక్క చక్కగా ఇస్తాయి కానీ, ఆ రికార్డు కంపెనీ సర్వర్లకు చేరుతుంది. నొక్కడం మరిస్తే లెక్క తప్పుతుంది.

నోటుపుస్తకం చాలదా అని అడగవచ్చు. ఏమీ రాయకపోవడం కన్నా అది ఎంతో నయం. కానీ రాత్రి గుర్తు తెచ్చుకుని రాసే లెక్కలో, మధ్యమధ్యలో యూట్యూబ్‌కు జారిపోయిన పది నిమిషాలు కనిపించవు. సొంత రికార్డును క్లయింట్ నమ్ముతాడా అన్నది మరో ప్రశ్న. నమ్మాల్సిన పని లేదు. గంటల లెక్కన డబ్బిచ్చే అప్‌వర్క్ వంటి ఫ్రీలాన్స్ వేదికలో వారి యాప్‌నే వాడటం మేలు. అది సమయాన్ని పది నిమిషాల ముక్కలుగా లెక్కించి, స్క్రీన్‌షాట్లు తీస్తుంది. అక్కడ గంటల చెల్లింపుకు ఇచ్చే రక్షణ ఆ రికార్డు మీదే ఆధారపడుతుంది. అది క్లయింటు కూడా చూసే లెక్క. కనుక అది నడుస్తున్నంతసేపూ బ్యాంకు ఖాతాలు, సొంత చాట్లు తెరవకండి.

గంటలు నైపుణ్యానికి కొలత కాదన్న అభ్యంతరం మాత్రం పూర్తిగా న్యాయమైనదే. రోజుకు పది గంటలు కూర్చున్నానని ఇంటర్వ్యూలో చెబితే ఒరిగేదేమీ లేదు. విలువంతా పోలికలో ఉంది. ప్రతి పనికీ ముందు మీ అంచనా రాయండి, ముగిశాక అసలు సమయం పక్కన పెట్టండి. కొన్ని వారాలకే మీ అంచనా ఎక్కడ, ఎంత తప్పుతోందో తెలుస్తుంది. ‘ఈ వెబ్‌పేజీకి మూడు రోజులు కావాలి’ అని ఆధారంతో చెప్పి, మూడో రోజు పని అప్పగించగలిగినవారికి ఊరు చిన్నదవడం అడ్డు కాదు. మీ మాటపై అలాంటి నమ్మకం సంపాదించడానికి ఏ సాఫ్ట్‌వేర్ తోడ్పడుతుందో అదే మీకు సరైనది.