గ్యాస్ ఎందుకు తగ్గిందో చెప్పగలిగే చదువు

పదో తరగతి ఫలితాలు వెలువడగానే తెలుగు ఇళ్లలో ఎంపీసీ, దాని వెనుకే కంప్యూటర్ సైన్స్ సీటు అన్న మాటలు తప్ప వేరే ప్రస్తావన రాకపోవడానికి, పానా పట్టుకునే పని ఏదైనా మార్కులు రానివారి గతి అన్న అపోహే ప్రధాన కారణం. ఆ అపోహకు బాగా బలైన వృత్తుల్లో శీతలీకరణ ఒకటి. దీన్ని ఏసీ మెకానిక్ పనిగా కొట్టిపారేసే తల్లిదండ్రులు గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలనూ, భీమవరం ప్రాంతపు రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లనూ, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో టీకాలు నిల్వచేసే శీతల గదులనూ లెక్కలోకే తీసుకోరు. యంత్రం ఆగిపోయాక బాగుచేసే మనిషి కంటే, అది ఆగబోతోందని ముందే చెప్పగలిగే మనిషి అక్కడ ఎక్కువ అవసరం.

శీతలీకరణ యంత్రంలో తిరిగే రిఫ్రిజిరెంట్‌ను వ్యవహారంలో గ్యాస్ అంటారు. అది కంప్రెసర్, కండెన్సర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు, ఎవాపరేటర్ల మీదుగా మూసి ఉన్న వలయంలో తిరుగుతుంది కాబట్టి పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. ‘గ్యాస్ అయిపోయింది, నింపాలి’ అని ఎవరైనా అన్నారంటే ఎక్కడో లీకు ఉందనే అర్థం. ఏటా గ్యాస్ నింపించుకుంటూ లీకు సంగతి అడగని యజమానులు ఎందరో ఉన్నారు, వారి మీదే బతికే మెకానిక్‌లూ ఉన్నారు. పెద్ద వ్యవస్థల్లో చిక్కు మరికాస్త లోతుగా ఉంటుంది. ద్రవరూపంలోని రిఫ్రిజిరెంట్‌ను నిల్వ ఉంచే రిసీవర్ అనే ట్యాంకు అడుగంటేదాకా చల్లదనంలో తేడా తెలియదు. సైట్ గ్లాస్‌లో, అంటే గొట్టానికి అమర్చిన గాజు కిటికీలో, బుడగలు కనిపించేసరికి చాలా గ్యాస్ గాలిలో కలిసిపోయి ఉంటుంది. అందుకే రిసీవర్‌లోని ద్రవ మట్టాన్నీ, ద్రవ గొట్టంలోని పీడన, ఉష్ణోగ్రతలనూ సెన్సర్లతో నిరంతరం కొలిచే పద్ధతి వచ్చింది. అయితే లోడు మారినప్పుడు, ఎవాపరేటర్ మీది మంచు కరిగించే డీఫ్రాస్ట్ సమయంలో లీకు లేకపోయినా ఆ మట్టం పడుతుంది, లేస్తుంది. ఏది మామూలు హెచ్చుతగ్గు, ఏది నిజమైన నష్టం అన్నది యంత్రం నడక ఎరిగినవారే తేల్చగలరు.

తేమ విషయం ఇంకా సున్నితమైనది. వ్యవస్థలో చేరిన కొద్దిపాటి నీరు ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర గడ్డకట్టి దారి మూయగలదు. హెచ్‌ఎఫ్‌సీ రకం గ్యాస్‌లతో వాడే పాలియోల్ ఎస్టర్ నూనె ఆ నీటితో చర్య జరిపి ఆమ్లంగా మారి, క్రమంగా కంప్రెసర్ వైండింగ్‌ను తినేస్తుంది. సైట్ గ్లాస్‌లోని సూచిక పొడిగా ఉంటే ఆకుపచ్చగా, తేమ చేరితే పసుపుగా మారుతుందని పాఠ్యపుస్తకం చెబుతుంది. ద్రవం వేడెక్కినకొద్దీ అదే సూచిక ఎక్కువ తేమ ఉన్నా ఆకుపచ్చగానే నిలుస్తుందనీ, తేమను పీల్చే ఫిల్టర్ డ్రయర్ పట్టు కూడా వేడికి సడలుతుందనీ తెలియని సాంకేతిక నిపుణుడు మే నెల ఎండల్లో ఆ పచ్చరంగును నమ్మి మోసపోతాడు. మరమ్మతు తరవాత వాక్యూమ్ పంపుతో వ్యవస్థను 500 మైక్రాన్ల వరకు ఖాళీచేసి (సాధారణ వాతావరణ పీడనం 7,60,000 మైక్రాన్లు), పంపును వేరుచేసి గేజీని గమనించాలి. పీడనం కొంత పెరిగి నిలిచిపోతే లోపల తేమ ఉన్నట్లు, ఆగకుండా పెరుగుతూ పోతే లీకు ఉన్నట్లు. సెన్సర్ ఇచ్చిన అంకెను ఇలా చేతితో సరిచూడగలిగినప్పుడే దానికి విలువ.

ఈ నైపుణ్యం పేరుతో రెండు రకాల దుకాణాలు వెలిశాయి. మూడు నెలల్లో ఏసీ మెకానిక్‌ను చేస్తామనే శిక్షణ కేంద్రాల్లో విద్యార్థి సాధారణంగా స్ప్లిట్ ఏసీ బిగించడం, గ్యాస్ ఎక్కించడం నేర్చుకుంటాడే తప్ప మైక్రాన్ గేజీ ముఖం చూడడు. రెండోది ఇంకా ఖరీదైన వల: సెన్సర్లు, డ్యాష్‌బోర్డులు, ఐఓటీ అంటూ వేల రూపాయలు వసూలుచేసే కోర్సు. పీడనానికీ ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధం తెలియని కుర్రవాడు తెర మీద మెరిసే హెచ్చరికను చదవగలడు కానీ, దాని కారణం చెప్పలేడు. అప్పు చేసి ఇలాంటి సర్టిఫికెట్లు కొనిపెట్టే తల్లిదండ్రులే, పైసా పెద్దగా ఖర్చుకాని ప్రభుత్వ ఐటీఐ సీటును నామోషీగా భావించడం విడ్డూరం. యంత్రాల మీద ఆసక్తి ఉన్న పిల్లవాడిని ఏడాది పాటు కోచింగ్ హాస్టల్‌లో బంధించి, ర్యాంకు రాలేదని మరో ఏడాది బంధించడం కంటే అతన్ని వర్క్‌షాపుకు పంపడమే మేలు.

పదో తరగతి ఉత్తీర్ణులు రెండేళ్ల ఐటీఐ శీతలీకరణ ట్రేడులో చేరవచ్చు. అక్కడి నుంచి డిప్లొమాకు, డిప్లొమా నుంచి ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో ఏడాదికి దారులున్నాయి. చేరేముందు చూడవలసింది భవనం రంగు కాదు. వర్క్‌షాపులో వాక్యూమ్ పంపు, మైక్రాన్ గేజీ, పాత గ్యాస్‌ను సిలిండర్‌లోకి వెనక్కి తీసే రికవరీ యంత్రం పనిచేస్తున్నాయా, విద్యార్థుల చేతికి అందుతున్నాయా అన్నది. ఐటీఐ తరవాత అప్రెంటిస్‌షిప్ తప్పనిసరి అనుకోవడమే శ్రేయస్కరం. అదీ ఏసీ డీలరు దగ్గర కంటే కోల్డ్ స్టోరేజీలోనో రొయ్యల ప్లాంటులోనో చేయడం మంచిది. అటువంటి చోట్ల ఎక్కువగా వాడేది అమ్మోనియా. అది విషవాయువు, రాగి గొట్టాలను తినేస్తుంది, అందులో చేరిన నీరు గడ్డకట్టదు కానీ పూర్తిగా కలిసిపోయి సామర్థ్యాన్ని తగ్గిస్తుంది. స్ప్లిట్ ఏసీ పాఠాలతో దాని జోలికి పోవడం ప్రాణాంతకం.

గ్యాస్‌లు కూడా మారుతున్నాయి. భూతాపాన్ని పెంచే గ్యాస్‌లపై 2016 నాటి అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణను భారత్ 2021లో ఆమోదించింది కనుక హెచ్‌ఎఫ్‌సీల వాడకం 2032 నుంచి దశలవారీగా తగ్గి, 2047 నాటికి 85 శాతం కోతకు చేరాలి. సూపర్‌మార్కెట్ ఫ్రీజర్లలో వాడే ఆర్-404ఏ ఒక కిలో లీకైతే 3,922 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత తాపం. అందుకే ఐరోపాలో పెద్ద శీతలీకరణ వ్యవస్థలకు లీకును పసిగట్టే పరికరాలను చట్టమే తప్పనిసరి చేసింది.

నిజామాబాద్, కరీంనగర్, కోనసీమల నుంచి గల్ఫ్‌కు వెళ్లదలచిన యువకులకు శీతలీకరణ పని తెలిసి ఉండటం కలిసివచ్చేదే. అయితే ఏజెంటు విదేశాంగ శాఖ వద్ద నమోదైనవాడా కాదా అన్నది ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవాలి. నమోదైన ఏజెంటు సేవా రుసుముగా తీసుకోగలిగేది గరిష్ఠంగా రూ.30,000, దానిపై జీఎస్‌టీ మాత్రమే.