సారె ముట్టని కోడలు

ఆ ఇంట్లో సారె మూలన పడి ఉంది. మామ చనిపోయి రెండేళ్ళయింది. కొడుకు పట్నంలో కూలి పనికి పోతున్నాడు. ఇంటి దగ్గర అత్తా, కోడలూ, ఇద్దరు పిల్లలూ ఉన్నారు.

దీపావళి నెల రోజులు ఉందనగా కిరాణా కొట్టాయన వచ్చాడు. "రెండు వందల ప్రమిదలు కావాలి. ఇస్తారా?" అని అడిగాడు.

"సారె తిప్పేవాళ్ళు లేరు బాబూ" అంది అత్త.

"ఇస్తాం" అంది కోడలు.

ఆయన వెళ్ళాక అత్త కోప్పడింది. "ఆడవాళ్ళు సారె ముట్టకూడదు. తెలీదా?"

"సారె ముట్టను అత్తా. చేత్తో చేస్తాను. నువ్వు పొయ్యి వేసేది చేత్తోనే కదా!"

అత్త ఇంకేం అనలేదు.

చాలా కుమ్మరి ఇళ్ళలో ఈ మాట వినిపిస్తుంది. మట్టి నానబెట్టేది, తొక్కేది, జల్లెడ పట్టేది ఆడవాళ్ళే. సారె దగ్గరికి వచ్చేసరికి మాత్రం వద్దంటారు. ఎందుకు వద్దో ఎవరూ చెప్పరు. మన దేశంలోనే మణిపూర్ రాష్ట్రంలో తోంగ్‌జావ్ అనే ఊరుంది. అక్కడ కుండలు చేసేది ఆడవాళ్ళు. వాళ్ళకు సారె లేదు. చేత్తోనే చేస్తారు. ఆ ఊరి నీలమణి దేవికి 2007లో పద్మశ్రీ బిరుదు వచ్చింది.

సరే, కోడలు ఏం చేసిందో చూద్దాం.

ముందు పంచాయతీలో అడిగి చెరువు మట్టి తెచ్చింది. ఎండబెట్టింది. గడ్డలు చితగ్గొట్టి జల్లించింది. రాళ్ళు, వేళ్ళు, గవ్వలు ఏరేసింది. మూడు రోజులు నీళ్ళలో నానబెట్టింది. నాలుగు తట్టల మట్టికి ఒక తట్ట సన్న ఇసుక కలిపింది. ఇసుక ఎందుకు? ఉత్త బంకమట్టి ఆరేటప్పుడు బాగా ముడుచుకుంటుంది. బీటలు వేస్తుంది. ఇసుక ఆ బీటలను తగ్గిస్తుంది. అన్ని ఊళ్ళ మట్టీ ఒకటి కాదు. కొన్నిచోట్ల ఇసుక ఎక్కువ కావాలి, కొన్నిచోట్ల అసలు అక్కర్లేదు.

మరి మన మట్టి సంగతి ఎలా తెలుస్తుంది? వేలు లావున ఒక తాడులా పేనాలి. దాన్ని వేలికి చుట్టాలి. విరిగితే బంక చాలదు. చేతికి జిగురుగా అంటుకుపోతే నీళ్ళు ఎక్కువయ్యాయి. విరగకుండా, అంటకుండా చుట్టుకుంటే పనికొస్తుంది.

తర్వాత మట్టిని కాళ్ళతో తొక్కింది. చపాతీ పిండిలా చేత్తో పిసికింది. లోపల గాలి బుడగలు ఉండకూడదు. నిమ్మకాయంత ముద్ద తీసుకుంది. బొటనవేలితో మధ్యలో గుంట చేసింది. ముద్దను తిప్పుతూ అంచులు నొక్కింది. ఒకవైపు ముక్కులా లాగింది. ప్రమిద అయింది. ఆరితే కాస్త చిన్నదవుతుంది. అందుకని కావలసినదానికంటే కొంచెం పెద్దదిగానే చేసింది.

రెండు రోజుల్లో నూరు చేసింది. అప్పుడే ముసురు పట్టింది. కోడలికి తొందర. మూడు రోజులు ఆరబెట్టింది. పైకి ఆరినట్టే కనిపించాయి. వాన తెరిపి ఇవ్వగానే గుంటలో పిడకలు పేర్చి నిప్పు పెట్టింది. కాసేపటికి లోపల టపటపా చప్పుళ్ళు! తెల్లారి తీసి చూస్తే 64 పగిలిపోయాయి. కోడలు పెంకులు ముందేసుకుని ఏడ్చింది.

ఎందుకు పగిలాయి? పైన ఆరినా లోపల తడి ఉంది. మంట తగలగానే ఆ తడి ఆవిరి అయింది. ఆవిరికి చాలా చోటు కావాలి. బయటికి పోయే దారి లేక మట్టిని పగలగొట్టుకుని వచ్చింది. ఆరబెట్టడంలో తొందరపడితే బాగా చేసినవి కూడా పోతాయి.

"ఇలా రా" అని అత్త పిలిచింది. పచ్చి ప్రమిద ఒకటి తీసి కోడలి చెంపకు ఆనించింది.

"ఎలా ఉంది?"

"చల్లగా ఉంది అత్తా."

"చల్లగా ఉంటే తడి ఉన్నట్టే. మీ మామ రోజూ ఇట్లాగే చూసేవాడు."

కుండలో నీళ్ళు చల్లబడేదీ ఇందుకే. తడి ఆవిరై పోతూ వేడిని తీసుకుపోతుంది.

ఈసారి కోడలు 180 చేసింది. నీడలో తొమ్మిది రోజులు ఉంచింది. ఎండలో పెట్టలేదు. ఎండకు అంచు ముందు ఆరుతుంది, అడుగు తర్వాత ఆరుతుంది. అప్పుడు బీట పడుతుంది. రోజూ తిప్పి పెట్టింది. చెంపకు చల్లదనం పోయాకే ఒక పూట ఎండ చూపించింది.

ఈలోపు అత్త ఊరుకోలేదు. మట్టిని లావు తాళ్ళలా పేనింది. ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టింది. లోపల చెయ్యి ఆనించి, బయట చెక్కతో మెల్లగా తట్టింది. తాళ్ళన్నీ కలిసిపోయి చిన్న కుండ లేచింది. మూతి కొంచెం వంకర. "మీ మామ చూస్తే నవ్వును" అంది అత్త.

ఆవం వేయడం అత్తే చూపించింది. వాన లేని రోజు చూసుకున్నారు. మెరక నేలలో మోకాలి లోతు గుంట తీశారు. అడుగున ఊక, పిడకలు పరిచారు. ప్రమిదలను బోర్లించి మధ్యమధ్య పిడకలు పెట్టారు. పైన గడ్డి కప్పి తడిమట్టి పూశారు. పొగ పోవడానికి కన్నాలు వదిలారు. మొదట సన్నటి సెగ పెట్టారు. తర్వాత మంట పెంచారు. లోపల ఎర్రగా కాలాలి. సుమారు 600 డిగ్రీలు దాటితేగాని మట్టి గట్టిపడదు. సరిగా కాలనిది నీళ్ళు పోస్తే మళ్ళీ బురద అవుతుంది. పూర్తిగా చల్లారేదాకా ఆవం విప్పలేదు. వేడిమీద గాలి తగిలినా పగులుతుంది.

మర్నాడు సాయంత్రం తీశారు. వేలితో కొట్టి చూశారు. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టు. ఈసారి 9 పోయాయి. అత్త కుండ నిలిచింది.

పిల్లలు రంగులు వేద్దామన్నారు. దీపం పెట్టే ప్రమిదకు ఫరవాలేదు. తినే గిన్నెకు, తాగే కుండకు మాత్రం బజారు రంగులు వేయకూడదు. కొన్నిటిలో సీసం ఉంటుంది. అది ఒంటికి విషం.

లెక్క వేయండి:

మొదటిసారి 100 ప్రమిదలు కాలిస్తే 64 పగిలాయి. రెండోసారి 180 కాలిస్తే 9 పగిలాయి. మొత్తం ఎన్ని నిలిచాయి? కొట్టాయనకు 200 ఇచ్చాక, దీపావళి రాత్రి ఆ ఇంటి గడప మీద పెట్టడానికి ఎన్ని మిగిలాయి?